ఐసొలేషన్ గదిలో పేషెంట్ నమ్మకాలకీ ఇన్ఫెక్షన్ నియమాలకీ పొసగకపోతే ఏది ఎంతవరకు సడలించాలి?

మొదటి_ఏడాది

నర్సింగ్ ఫౌండేషన్స్ చదువుతున్నాను. ఆరోగ్యం అంటే ఏమిటి, సాంస్కృతిక వైవిధ్యం, ఇన్ఫెక్షన్ నియంత్రణ, ఈ మూడు యూనిట్లూ విడివిడిగా చదివితే అర్థమవుతున్నాయి. కేస్ ఇచ్చి మూడింటినీ కలిపి అడిగితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈ కేస్ చూడండి.

కాలి మీద గాయం, చీము కారుతోంది, కల్చర్‌లో (చీమును ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా వచ్చింది. పేషెంట్‌ను కాంటాక్ట్ ఐసొలేషన్‌లో (తాకడం ద్వారా వ్యాపించకుండా విడి గదిలో) పెట్టారు. ఆమె మణికట్టుకు ప్రార్థన చేసి కట్టిన దారం ఉంది, తీయనంటున్నారు. దిండు పక్కన మతగ్రంథం పెట్టుకున్నారు. ఆల్కహాల్ ఉన్న హ్యాండ్ రబ్ ముట్టుకోనంటున్నారు. డ్రెస్సింగ్ ఆడ నర్సే చేయాలంటున్నారు. రోజూ బంధువులు వచ్చి చేయి పట్టుకుని ప్రార్థన చేస్తామంటున్నారు. దీనికి కేర్ ప్లాన్ రాయాలి.

పేషెంట్ విశ్వాసాలను గౌరవించాలని ఒక పేజీలో, ఐసొలేషన్ నియమాల్లో రాజీ పడకూడదని ఇంకో పేజీలో ఉంది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఇంకో చిన్న సందేహం: గ్లవ్స్ వేసుకున్నాక కూడా చేతులు కడగాలా? గౌను, గ్లవ్స్ తీసేటప్పుడు ఏది ముందు?

ఐసీ_నర్స్

ముందు ఒక పని చేయండి. పేషెంట్ కోరినవన్నీ పక్కన పెట్టి, ఈ సూక్ష్మజీవి ఒకరి నుంచి ఇంకొకరికి ఏ దారిన వెళుతుందో కాగితం మీద రాయండి. ఇన్ఫెక్షన్ గొలుసులో ఆరు లింకులు చదివే ఉంటారు: సూక్ష్మజీవి, అది నివాసం ఉండే చోటు, బయటకు వచ్చే దారి, వ్యాపించే మార్గం, లోపలికి వెళ్లే దారి, లొంగిపోయే శరీరం. ఈ కేస్‌లో సూక్ష్మజీవి ఎంఆర్‌ఎస్‌ఏ. నివాసం ఆమె గాయం, చర్మం, చాలామందిలో ముక్కు లోపలి భాగం కూడా. బయటకు వచ్చేది చీముతో. వ్యాపించేది చేతుల ద్వారా, తాకిన వస్తువుల ద్వారా. ఇంకొకరిలోకి వెళ్లేది వాళ్ల గాయాల్లోంచి, కాన్యులా (రక్తనాళంలోకి మందులు ఎక్కించే సన్న గొట్టం) గుచ్చిన చోటు నుంచి.

ఇప్పుడు ఆమె కోరికలను ఒక్కొక్కటిగా ఈ గొలుసు పక్కన పెట్టి చూడండి. కోరిక ఏ లింకునూ తాకకపోతే అడ్డు చెప్పే కారణమే లేదు. తాకితే ఆ లింకును తెంపడానికి ఇంకో పద్ధతి ఉందా అని వెతకాలి. ఏ పద్ధతీ లేనప్పుడు మాత్రమే కాదని చెప్పాలి.

ఆడ నర్స్ కావాలన్నది ఏ లింకునూ తాకదు. అది డ్యూటీలు సర్దే విషయం, ఇన్ఫెక్షన్ పేరు చెప్పి తిరస్కరించకూడదు. ఆ షిఫ్టులో ఆడ నర్స్ లేకపోతే ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్న మనిషిని పక్కన ఉంచి, గాయం ఉన్నంత మేరే బట్ట తొలగించి చేయాలి.

హ్యాండ్ రబ్ విషయం ఇంకా తేలిక. పేషెంట్‌కీ బంధువులకీ సబ్బు, నీళ్లు చాలు: తడపడం నుంచి ఆరబెట్టడం దాకా 40 నుంచి 60 సెకన్లు. రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాల్లో మత, సాంస్కృతిక అంశాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, వీలైతే చదవండి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిలే అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు ఉన్న పేషెంట్ దగ్గరైతే అందరికీ సబ్బు, నీళ్లే మంచిది, ఎందుకంటే దాని స్పోర్లు (గట్టి పొర ఉన్న నిద్రాణ రూపాలు) ఆల్కహాల్‌కు చావవు.

దారం దగ్గర కొంచెం ఆలోచించాలి. గాయం కాలి మీద ఉంది, దారం మణికట్టుకు ఉంది. అది పొడిగా, శుభ్రంగా ఉండి, ఆ చేతికి కాన్యులా లేకపోతే ఉండనివ్వండి. చీముతోనో రక్తంతోనో తడిస్తే మాత్రం ఉంచకూడదు. నూలు తడిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది, తుడిస్తే శుభ్రం కాదు. అప్పుడు కూడా కత్తెర తీసుకుని ముందుకెళ్లొద్దు. ఆమెతోనో, ఆమె చెప్పిన మనిషితోనో విప్పించి, కొత్తది కట్టుకోవచ్చా అని అడగండి. ఆ చేతికే కాన్యులా పెట్టాల్సి వస్తే రెండో చేతికి మార్చవచ్చా అని అడగండి, లేదా కాన్యులానే రెండో చేతికి పెట్టండి. రెండోదే సులువు.

గ్రంథం గదిలోనే ఉండొచ్చు. కాగితాన్ని డిసిన్ఫెక్ట్ చేయలేం కాబట్టి, తుడవడానికి వీలైన ప్లాస్టిక్ కవర్ వేయించండి. గది నుంచి వేరే పేషెంట్ దగ్గరకు వెళ్లకూడదు. చేతికి గ్లవ్స్‌తో ఉన్నప్పుడు దాన్ని మీరు జరపొద్దు, ఆమెనే జరపమనండి. చీము అంటిన గ్లవ్స్‌తో మతగ్రంథాన్ని పట్టుకుంటే అటు శుభ్రతా పోతుంది, ఇటు ఆమె మనసూ నొచ్చుకుంటుంది.

రాత్రి_డ్యూటీ_స్టాఫ్

గ్లవ్స్ ప్రశ్నకు జవాబు: కడగాలి, వేసుకునే ముందూ, తీసిన తర్వాతా. గ్లవ్స్‌లో కంటికి కనిపించని చిల్లులు ఉండొచ్చు, తీసేటప్పుడు బయటి వైపు చర్మానికి తగలొచ్చు. పైగా లోపలి వెచ్చదనానికి, చెమటకి చేతి మీది సూక్ష్మజీవులు పెరుగుతాయి. గ్లవ్స్ మీద రబ్ రాసి మళ్లీ వాడటం సరైన పద్ధతి కాదు.

ఎక్కువ మంది తప్పేది ఒకే పేషెంట్ దగ్గర. డ్రెస్సింగ్ విప్పిన గ్లవ్స్‌తోనే కొత్త ప్యాక్ తెరుస్తారు, అదే చేత్తో కాన్యులా సరిచేస్తారు. మనిషి మారలేదు కదా అనిపిస్తుంది. కానీ గాయంలోని ఎంఆర్‌ఎస్‌ఏ రక్తనాళం వరకు వెళ్లేది సరిగ్గా ఆ చేతి ద్వారానే. అందుకే చేతుల శుభ్రతకు చెప్పే ఐదు సందర్భాల్లో శుభ్రమైన పని మొదలుపెట్టే ముందు, శరీర స్రావాలు తాకే ప్రమాదం ఉన్న పని తర్వాత అని రెండు విడిగా ఉన్నాయి. మిగతా మూడు: పేషెంట్‌ను తాకే ముందు, తాకిన తర్వాత, మంచం, లాకర్ లాంటి పరిసరాలు తాకిన తర్వాత. చివరిదే అందరూ మరిచిపోయేది. పేషెంట్‌ను ముట్టుకోకుండా మంచం కమ్మీ మాత్రమే పట్టుకుని వచ్చినా శుభ్రం చేసుకోవాలి.

ఈ కేస్‌లో డ్రెస్సింగ్ ఇలా సాగాలి. నొప్పి మందు ఆర్డర్ ఉంటే, నోటి మాత్ర అయితే అరగంట ముందే ఇవ్వండి. సామాను మొత్తం లోపలికి ఒకేసారి తీసుకెళ్లండి, మధ్యలో బయటకు రావాల్సి వస్తే గౌను, గ్లవ్స్ తీసి మళ్లీ వేసుకోవాలి. శుభ్రమైన గ్లవ్స్‌తో పాత డ్రెస్సింగ్ విప్పి, చీము రంగు, వాసన, ఎంత తడిసింది చూసి, వెంటనే సంచిలో వేయండి. గ్లవ్స్ తీయండి. చేతులు శుభ్రం చేసుకుని పూర్తిగా ఆరనివ్వండి, తడి చేతికి గ్లవ్స్ ఎక్కవు, చర్మం కూడా మండుతుంది. స్టెరైల్ ప్యాక్ తెరిచాక అంచు నుంచి 2.5 సెంటీమీటర్ల మేర స్టెరైల్ కాదనుకోండి. ప్యాక్ కింద తడి ఉంటే మొత్తం పనికిరాదు, తడి గుడ్డలోంచి సూక్ష్మజీవులు పైకి ఎక్కుతాయి. తుడిచేది తక్కువ మలినమైన చోటి నుంచి ఎక్కువ మలినమైన చోటికి, ఒక స్వాబ్ ఒక్కసారికే.

తీసే క్రమం: గ్లవ్స్, కళ్లద్దాలు, గౌను, చివరికి మాస్క్. గ్లవ్స్, గౌను ముందు భాగమే ఎక్కువ మలినమైనవి కాబట్టి అవి ముఖం దగ్గరకు రాకూడదు. గౌనును మెడ దగ్గరి నుంచి లోపలి వైపు బయటకు వచ్చేలా తిప్పుతూ చుట్టండి. కాంటాక్ట్ ఐసొలేషన్‌లో గౌను, గ్లవ్స్ గది లోపలే తీసేయాలి. మధ్యలో చేయి మలినమైందని అనుమానం వస్తే అక్కడే ఆగి శుభ్రం చేసుకుని మిగతాది తీయండి. బీపీ కఫ్, స్టెతస్కోప్, థర్మామీటర్ ఆ గదికే విడిగా ఉండాలి.

పాఠాలు_చెప్పే_మేడమ్

ఐసీ_నర్స్ గారు చెప్పిన పద్ధతికి పుస్తకంలోని పేరు జోడిస్తే మీకు మార్కులూ వస్తాయి. ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్‌కు పునాది వేసిన మడలిన్ లైనింగర్ సిద్ధాంతంలో మూడు మార్గాలు ఉన్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం ప్రిజర్వేషన్: ఈ కేస్‌లో పొడిగా ఉన్న దారం, ఆడ నర్స్. ఇద్దరూ కొంత సర్దుకోవడం అకామడేషన్: రబ్ బదులు సబ్బు, గ్రంథానికి కవర్. హాని చేసే అలవాటును ఆమె ఒప్పుకోలుతో మార్చడం రీప్యాటర్నింగ్: బంధువులు మంచం మీద కూర్చోవడం, గాయం కట్టును తడిమి చూడటం. మూడో గడిలో ఎంత తక్కువ రాస్తే మీ ప్లాన్ అంత బాగున్నట్టు.

అయితే ఈ గడులు నింపే ముందు అడగాల్సింది ఉంది. ఆమె మతం పేరు వినగానే ఆమెకు ఏం కావాలో మనకు తెలిసిపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. ఒకే మతంలో ఇద్దరు ఒకేలా ఉండరు. ఆర్థర్ క్లైన్‌మన్ సూచించిన ప్రశ్నలు ఇక్కడ పనికొస్తాయి: ఈ జబ్బును మీరేమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఇది మీకు ఏం చేస్తోంది? దేనికి ఎక్కువ భయపడుతున్నారు? ఏ వైద్యం అందితే మంచిదనుకుంటున్నారు? ఈ గదిలో విడిగా పెట్టడం తనకు పడిన శిక్ష అని ఆమె అనుకుంటున్నారేమో, అడిగితే తప్ప బయటకు రాదు.

భాష వేరైతే శిక్షణ ఉన్న దుబాసీని పిలవండి. పిల్లలతో, బంధువులతో అనువదింపజేయొద్దు. ఇబ్బందికరమైనవి వాళ్లు దాటేస్తారు, చెడ్డ మాటలు మెత్తబరుస్తారు. మాట్లాడేటప్పుడు దుబాసీ వైపు కాదు, పేషెంట్ వైపు చూడండి. నేర్పిన తర్వాత అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు. దానికి బదులు, మీ అక్కయ్య వస్తే గదిలోకి వచ్చే ముందు ఏం చేయమని చెబుతారు అని అడిగి ఆమె నోటితోనే చెప్పించండి. దాన్నే టీచ్ బ్యాక్ అంటారు.

ఆరోగ్యం యూనిట్ ఎక్కడ కలుస్తుందంటే ఇక్కడే. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం ఆరోగ్యాన్ని శారీరక, మానసిక, సామాజిక క్షేమంగా నిర్వచించింది, కేవలం జబ్బు లేకపోవడంగా కాదు. ఐసొలేషన్ గదిలో శరీరాన్ని కాపాడుతూ మిగతా రెండింటినీ దెబ్బతీయడం చాలా సులభం. పదే పదే గౌను వేసుకోవడం కష్టమని స్టాఫ్ లోపలికి వెళ్లడమే తగ్గిస్తారు. అందుకే ప్రార్థన సమయాన్ని కేర్ ప్లాన్‌లో సమయం వేసి రాయండి, ఆ సమయంలో డ్రెస్సింగ్ పెట్టుకోవద్దు.

మొదటి_ఏడాది

చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొక్కటి. ఇదే పేషెంట్‌కు ఎంఆర్‌ఎస్‌ఏ కాకుండా ఊపిరితిత్తుల టీబీ అయితే? బంధువులు చేయి పట్టుకోవడం ఎలాగూ కుదరదు కదా?

ఐసీ_నర్స్

దారి మారితే జవాబు తిరగబడుతుంది, అందుకే దారి ముందు రాయమన్నాను. ఎంఆర్‌ఎస్‌ఏ అయితే చేయి పట్టుకోవచ్చు, కానీ ముందూ తర్వాతా చేతులు కడగాలి, మంచం మీద కూర్చోకూడదు, అక్కడి నుంచి వేరే పేషెంట్ దగ్గరకు వెళ్లకూడదు. వచ్చేవాళ్లు గౌను, గ్లవ్స్ వేసుకోవాలా అన్నది ఆ ఆసుపత్రి పాలసీ ప్రకారం. టీబీ చేతుల ద్వారా, పుస్తకాల ద్వారా, దారాల ద్వారా రాదు. కాబట్టి ఆ మూడింటికీ అభ్యంతరమే లేదు. ప్రమాదం అందరూ కలిసి పీల్చే గాలిలో ఉంది. చిన్న పిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు రాకూడదు, వచ్చేవాళ్లు ఒక్కొక్కరే, తక్కువ సేపు, పాలసీ చెప్పిన మాస్క్‌తో. అందరూ కలిసి ప్రార్థించాలంటే గది బయటి నుంచి వీడియో కాల్‌లో కలవొచ్చు.

గది నెగెటివ్ ప్రెషర్‌తో, అంటే లోపలి గాలి వార్డులోకి రాకుండా ఉండాలి. కొత్తగా కట్టినదైతే గంటకు 12 సార్లు, పాతదైతే కనీసం 6 సార్లు గాలి మారాలి. తలుపు తెరిచి ఉంచితే ఆ ఏర్పాటంతా వృథా. పరీక్ష కోసం బయటకు తీసుకెళ్లేటప్పుడు పేషెంట్‌కు సర్జికల్ మాస్క్, స్టాఫ్‌కు ఎన్95. చాలామంది దీన్ని తిప్పి రాస్తారు. పేషెంట్ నుంచి వచ్చే తుంపరలను ఆపడానికి సర్జికల్ మాస్క్ సరిపోతుంది, మన లోపలికి వెళ్లే సన్నటి రేణువులను ఆపడానికి ముఖానికి అతుక్కునే ఎన్95 కావాలి. దాన్ని గది బయటకు వచ్చి, తలుపు వేశాకే తీయాలి.

రాత్రి_డ్యూటీ_స్టాఫ్

దీనికి స్టాఫ్ వైపు కూడా చేర్చండి, కేస్ ప్రశ్నల్లో అది అడుగుతారు. గడ్డం ఉన్నచోట ఎన్95 అంచు చర్మానికి అంటదు, ఎంత బిగించినా పక్క నుంచి గాలి వస్తుంది. మత కారణంతో గడ్డం తీయని నర్స్‌కు తలంతా కప్పే, మోటార్‌తో గాలి వడకట్టి పంపే హుడ్ రెస్పిరేటర్ ఇవ్వాలి, లేదా ఆ గది డ్యూటీ మార్చాలి. తలకు కట్టుకునే వస్త్రం రోజూ ఉతికినదై, చివర్లు లోపలికి దోపి ఉండాలి. ఎన్95 పట్టీలు, అంచు దాని మీద కాకుండా సరిగ్గా కూర్చున్నాయో వేసుకున్న ప్రతిసారీ సీల్ చెక్ (అంచుల నుంచి గాలి కారుతోందేమో చూడటం) చేయాలి. మామూలు వార్డు పనిలో రాళ్లు లేని సాదా పెళ్లి ఉంగరం ఒక్కటి ఉంచుకోనివ్వచ్చు, ఆపరేషన్ థియేటర్‌లో అదీ కుదరదు.

పాఠాలు_చెప్పే_మేడమ్

కేర్ ప్లాన్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎంఆర్‌ఎస్‌ఏ కేస్‌లో ఇన్ఫెక్షన్ ఇప్పటికే ఉంది, కాబట్టి రిస్క్ ఫర్ ఇన్ఫెక్షన్ (ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం) అని మొదటి నర్సింగ్ డయాగ్నసిస్ రాయకండి. గాయానికి ఇంపెయిర్డ్ టిష్యూ ఇంటెగ్రిటీ (కణజాలం దెబ్బతినడం), ఒంటరితనానికి ఆధారాలు దొరికితే సోషల్ ఐసొలేషన్, ప్రార్థనకు అడ్డంకి వస్తుందనుకుంటే రిస్క్ ఫర్ ఇంపెయిర్డ్ రిలిజియాసిటీ (మతాచరణకు ఆటంకం కలిగే ప్రమాదం) అని రాయండి. గోల్ కొలవగలిగేలా ఉండాలి. నమ్మకాలను గౌరవిస్తాం అని రాస్తే దాన్ని ఎవాల్యుయేట్ చేయలేరు. 24 గంటల్లో పేషెంట్, వచ్చిన ప్రతి బంధువూ సబ్బుతో చేతులు కడిగే దశలు తప్పు లేకుండా చేసి చూపిస్తారు అని రాయండి. దారం, గ్రంథం, ఆడ నర్స్ గురించి ఆమెతో కుదిరిన ఒప్పందాన్ని షిఫ్ట్ హ్యాండోవర్ షీట్‌లో పెట్టండి, లేకపోతే రాత్రి వచ్చిన స్టాఫ్ ముందు ఆమె మళ్లీ మొదటి నుంచి వాదించుకోవాల్సి వస్తుంది.