గ్లాన్స్‌లో ఇమేజ్ క్యూకౌ2 గా పెట్టాలా, రా గా పెట్టాలా? సెఫ్ వాడేవాళ్లు చెప్పండి

నైట్‌షిఫ్ట్_గాడు:
అందరికీ నమస్తే. మాది చిన్న ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్), వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడిచే 6 కంప్యూట్ నోడ్‌లు, గ్లాన్స్ (ఇమేజ్‌లు దాచేది), నోవా (వీఎంలు లేపేది), సిండర్ (డిస్క్‌లు ఇచ్చేది) మూడూ సెఫ్ అనే ఉమ్మడి స్టోరేజ్ మీదే. వీఎంలు లేపే ఇమేజ్‌లన్నీ మొదట్నుంచీ క్యూకౌ2 (ఖాళీ జాగా వదిలేసి చిన్నగా దాచే ఫార్మాట్) లోనే పెడుతున్నాం. ఇప్పుడు కొత్తగా వచ్చిన సీనియర్ అన్నీ రా (డిస్క్ ఉన్నదున్నట్టు పూర్తి సైజులో) లోకి మార్చెయ్ అంటున్నాడు. 600 ఎంబీ చిల్లర ఉండే ఉబుంటు 22.04 ఫైల్‌ని 2.2 జీబీ చేసి పెట్టడం ఏంటో నాకైతే ఎక్కట్లేదు. స్టోరేజ్ ఏమన్నా ఊరికే వస్తోందా?

సెఫ్_బాబాయ్:
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. ఆర్‌బీడీ (సెఫ్ ఇచ్చే డిస్క్) మీద వీఎం డిస్క్ అంటే రా నే, క్యూకౌ2 నడవదు. నువ్వు క్యూకౌ2 ఇమేజ్‌తో వీఎం లేపావనుకో, కంప్యూట్ నోడ్ ముందు ఆ ఫైల్‌ని గ్లాన్స్ నుంచి దించుకుంటుంది, నోవా బేస్ ఫోల్డర్‌లో రా గా మార్చుకుంటుంది, మళ్ళీ ఆ మార్చిందాన్ని మోసుకెళ్ళి సెఫ్‌లోనే పోస్తుంది. సెఫ్‌లో సరుకు సెఫ్‌కే చేరడానికి ఊరంతా తిరిగొస్తోందన్నమాట. అదే రా అయితే ఇమేజ్ స్నాప్‌షాట్ మీద క్లోన్ కొట్టేస్తుంది, కొన్ని సెకన్ల పని, 20 వీఎంలు లేపినా అసలు కాపీ ఒకటే, మారిన బ్లాకులే విడిగా రాసుకుంటుంది. గ్లాన్స్‌లో మిగిల్చానని నువ్వు అనుకుంటున్నది వీఎం వీఎంకీ కట్టుకుంటున్నావు. ఇంకోటి, గ్లాన్స్ కాన్ఫిగ్‌లో షో ఇమేజ్ డైరెక్ట్ యూఆర్‌ఎల్ (ఇమేజ్ సెఫ్‌లో ఎక్కడుందో నోవాకి చెప్పే సెట్టింగ్) ట్రూ ఉందో లేదో చూస్కో, అది లేకపోతే రా పెట్టినా క్లోన్ అవ్వదు, ఇది చాలామంది మర్చిపోయి సెఫ్‌ని తిడతారు.

ఓవర్‌లే_రాజు:
బాబాయ్ గారికి ఏ జబ్బుకైనా సెఫే మందు :) అందరి దగ్గరా సెఫ్ ఉండదండీ. మా దగ్గర నోవా డిస్క్‌లు కంప్యూట్ లోకల్ ఎస్ఎస్‌డీ మీదే, అక్కడ బేస్ ఒకటి, దాని మీద వీఎంకో క్యూకౌ2 ఓవర్‌లే (మార్పులు మాత్రమే రాసుకునే పొర), హాయిగా నడుస్తోంది. సరే ఈయనది సెఫే అనుకుందాం, మరి పాత ఇమేజ్ డిలీట్ సంగతేంటి? నెలనెలా ప్యాచ్ చేసి కొత్త ఇమేజ్ ఎక్కిస్తాం, పాతది తీసేద్దామంటే దాని క్లోన్‌లు బతికున్నాయి కాబట్టి పాత వర్షన్‌లలో 409 ఎర్రర్, ఇమేజ్ ఇన్ యూజ్ అంటుంది. ఎవడో రెండేళ్ళ కింద లేపి మర్చిపోయిన ఒక్క వీఎం కోసం ఆ ఇమేజ్‌ని మోస్తూ కూర్చోవాలి. క్యూకౌ2 లో ఆ గోల లేదు, వీఎం డిస్క్ దానిది దానికే ఉంటుంది కదా. పైగా 40 జీబీ విండోస్ రా ఫైల్‌ని ఇంటి నెట్ మీద వీపీఎన్‌లో అప్‌లోడ్ చేసి చూడండి, తెల్లారిపోద్ది.

సెఫ్_బాబాయ్:
డిలీట్ పాయింట్ ఒప్పుకుంటా, అది నిజమైన తలనొప్పే. నేను పాతదాన్ని హిడెన్ పెట్టేస్తా, లిస్ట్‌లో కనపడదు కాబట్టి కొత్తగా ఎవడూ దాంతో లేపడు. మరీ అడ్డమైతే మిగిలిన క్లోన్‌ని ఫ్లాటెన్ చేసి (అసలు ఇమేజ్ డేటా అంతా దాంట్లోకే కాపీ చేసి) పేరెంట్‌తో తెగ్గొట్టేయొచ్చు. అప్‌లోడ్ మాత్రం సాకు. క్యూకౌ2 నే ఎక్కించు, గ్లాన్స్ ఇంపోర్ట్‌లో ఇమేజ్ కన్వర్షన్ ప్లగిన్ ఉంది, ఔట్‌పుట్ ఫార్మాట్ రా అని పెడితే అదే మార్చి సెఫ్‌లో వేస్తుంది. కాకపోతే ఇంపోర్ట్ దారిలో వస్తేనే, మామూలు అప్‌లోడ్‌కి ప్లగిన్ పనిచెయ్యదు. గ్లాన్స్ నోడ్ స్టేజింగ్‌లో (మార్చేదాకా ఫైల్ ఉండే చోటు) జాగా కూడా ఉండాలి.

లక్ష్మి_ఆప్స్:
జాగా అంటే గుర్తొచ్చింది, నేను పాత ఆఫీసులో ఉన్నప్పటి సంగతి. సోమవారం పొద్దున్నే ట్రైనింగ్ బ్యాచ్‌కి 25 విండోస్ వీఎంలు కావాలన్నారు, ఇమేజ్ క్యూకౌ2, ఫైల్ 11 జీబీ, వర్చువల్ సైజ్ 40. కంప్యూట్‌ల మీద వార్ (/var, నోవా ఫైల్స్, లాగ్‌లు ఉండేది) పార్టిషన్ 50 జీబీయే ఇచ్చారు, దాంట్లో సగం లాగ్‌లే. అన్ని నోడ్‌లూ ఒకేసారి దించుకుని కన్వర్ట్ మొదలెట్టాయి, 9:20 కల్లా ఒక్కో నోడ్‌లో వార్ నూటికి నూరు. వీఎంలన్నీ ఎర్రర్, నో వేలిడ్ హోస్ట్ వజ్ ఫౌండ్, అంటే వీఎం పెట్టడానికి తగిన నోడ్ దొరకలేదని. ఆ మెసేజ్ చూసి మా లీడ్ గంటసేపు మెమరీ కోటాలు వెతికాడు పాపం, డీఎఫ్ (డిస్క్‌లో జాగా చూపే కమాండ్) కొట్టాలని ఎవరికీ తట్టలేదు. ఆ రోజు నుంచి నేను రా పార్టీ.
సెక్యూరిటీ కూడా చూడండి. 2024 జులైలో వచ్చిన సీవీఈ-2024-32498 అనే సెక్యూరిటీ లోపంలో క్యూకౌ2 హెడర్‌లో ఎక్స్‌టర్నల్ డేటా ఫైల్ అని హోస్ట్ మీది ఫైల్ పాత్ ఇరికిస్తే దాన్ని చదవగలిగేవాళ్లు, నోవా గ్లాన్స్ సిండర్ మూడింటికీ తగిలింది. బయటివాళ్లు ఇమేజ్‌లు ఎక్కించే క్లౌడ్ అయితే ప్యాచ్ చెయ్యకుండా ఈ చర్చే దండగ.

ఓవర్‌లే_రాజు:
మేడమ్, అది వార్ తప్పు, క్యూకౌ2 తప్పు కాదు :) అయినా సెఫ్ ఉన్నచోట రా అంటే సరే, లోకల్ డిస్క్ వాళ్లని మాత్రం కదపకండి.

నైట్‌షిఫ్ట్_గాడు:
అన్నా, అక్కా, థాంక్స్. రాత్రి ట్రై చేశా, ముందు బొక్కబోర్లా పడ్డా. ఉబుంటు ఫైల్ చివర డాట్ ఐఎమ్‌జీ అని ఉంటే రా అనుకుని డిస్క్ ఫార్మాట్ రా అని ఎక్కించేశా, వీఎం కన్సోల్‌లో బూట్ డివైస్ లేదంటుంది. రా అంటే రాదే! క్యూఈఎమ్‌యూ-ఐఎమ్‌జీ ఇన్ఫో (ఫైల్ అసలు ఫార్మాట్ చెప్పే కమాండ్) కొడితే తెలిసింది, లోపల క్యూకౌ2 నే. కన్వర్ట్ చేసి మళ్ళీ ఎక్కిస్తే నీళ్ళు తాగొచ్చేలోపు వీఎం లేచి కూర్చుంది. రేపు విండోస్‌ది మార్చాలి, ముందైతే ఆరు నోడ్‌ల మీదా డీఎఫ్ కొట్టొస్తా. ఈ థ్రెడ్ మా సీనియర్‌కి మాత్రం చూపించను.