గోల్కొండ గుండ్రటి బురుజులు ఫిరంగులకు ఆగాయా, లేదా?

కోటగోడ:
మొన్న గోల్కొండ కోటలోని పేట్లా బురుజు ఎక్కాను. ఔరంగజేబు ఫతే రహబర్ ఫిరంగి అక్కడే ఉంది, ముట్టుకుంటే ఎండకి చెయ్యి చుర్రుమంది. ఏ కోటను కొట్టడానికి తెచ్చారో ఇప్పుడు ఆ కోట బురుజు మీదే ఉంది. 1687లో దాదాపు 8 నెలలు ముట్టడించినా మొఘలులు గోడ పగలగొట్టి లోపలికి రాలేకపోయారు, కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ డబ్బుకు లొంగి రాత్రిపూట దిడ్డి తలుపు తీస్తేనే వచ్చారు. గుండ్రటి బురుజులు ఫిరంగుల కాలానికి చాలవనేవాళ్లు దీనికేమంటారు?

మూసీఒడ్డు:
చాలవనే అంటాను. గుండ్రటి బురుజు పొట్ట కిందికి చేరినవాడు పక్క బురుజుల మీదివాళ్లకు సరిగ్గా కనపడడు, ఆ చాటున కూర్చుని తవ్వుకోవచ్చు. ఇటలీలో 1500ల మొదట్లోనే దీనికి విరుగుడుగా మొనదేలిన బురుజులు కట్టారు. మొఘలులూ ఇక్కడ బురుజు కిందే మందుపాతరలు పెట్టారు కదా. ఇక 8 నెలలంటారా, వానలు, శిబిరంలో గింజల కరువు, రోగాలు, ఇవన్నీ గోడ ఖాతాలో వేస్తే ఎలా అండీ?

కోటగోడ:
పాతర పెట్టారు సరే, ఏమైంది? లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి, ఒకవైపు మందూ ఒత్తులూ లాగేసి, మిగతా మందుని నీళ్లతో తడిపేశారు. అంటిస్తే పేలుడు బయటికి తన్ని మొఘల్ సైనికులే చచ్చారు.

నల్లరాయి:
అది లోపలి మనుషుల గొప్ప, బురుజుది కాదు. మీరిద్దరూ నయా ఖిలా, అంటే కోటకి తర్వాత కలిపిన కొత్త భాగం, సంగతి మర్చిపోయారు. 1656లో ఔరంగజేబు యువరాజుగా వచ్చి ముట్టడించాక, పక్కనున్న దిబ్బ మీంచి ఫిరంగులు పేలిస్తే కోటకే ముప్పని, ఆ దిబ్బనే గోడలోపలికి కలిపేసుకున్నారు. ఎత్తు శత్రువు చేతిలో ఉంటే బురుజు ఎంత లావైనా లాభం లేదు. అక్కడే తొమ్మిది మడతల బురుజు ఉంది, అంటే దాని గోడ తొమ్మిది గుండ్రటి ఉబ్బులుగా బయటికి వచ్చి ఉంటుంది, ఒక్కో మడతా ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది. మూసీఒడ్డు గారు చెప్పిన ఆ చాటుని తగ్గించడానికే అలా కట్టారని నా నమ్మకం.

మూసీఒడ్డు:
దిబ్బ విషయం ఒప్పుకుంటాను. మడతల విషయం మాత్రం ఒప్పుకోను. రెండు మడతల నడుమ దూరినవాడి మీదికి పైనుంచి వంగి తుపాకీ పేల్చొచ్చేమో, ఫిరంగిని అంత కిందికి వంచలేరు.

కోటగోడ:
వచ్చే ఆదివారం టేపు పట్టుకెళ్లి మడత లోతెంతో కొలిచి ఫొటోలు పెడతాను. అప్పటిదాకా నా మాట వెనక్కి తీసుకోను.