పర్సనల్ లోన్ 5 ఈఎంఐలు ఆగాయి, ఏజెంటు ఈ సాయంత్రమే సెటిల్‌మెంటు అంటున్నాడు: కట్టేయాలా?

మున్నేరు:
బ్యాంకులో 3 లక్షల పర్సనల్ లోన్. 16 శాతం వడ్డీ, 36 నెలలు, ఈఎంఐ 10,547. 19 కట్టాక ఉద్యోగం పోయి వరసగా 5 ఆగాయి. ఈ నెల నుంచి మళ్లీ 40 వేల జీతం. రికవరీ ఏజెంటు పొద్దున ఏడింటికే ఫోన్ చేస్తున్నాడు. మా బావమరిదికీ, ఆఫీసుకీ కూడా చేశాడు. మొత్తం బాకీ 2,06,000 అట. ఈ సాయంత్రంలోగా 95,000 తన నంబరుకు ఫోన్‌పే చేస్తే సెటిల్ చేయించి సిబిల్ (నా అప్పుల చరిత్ర రిపోర్టు) కూడా క్లియర్ చేయిస్తాడట. లేదంటే అరెస్టు వారంటేనని వాట్సాప్‌లో లోక్ అదాలత్ నోటీసు ఒకటి పంపాడు. నేను 60 వేల దాకా సర్దగలను. మిగతాదానికి ఇంట్లో బంగారం కుదువ పెట్టాలి. పెట్టమంటారా?

పద్దుపుస్తకం:
బంగారం బయటికి తీయకండి. ముందు లెక్క చూద్దాం.

మీ వడ్డీ రేటుకు 19 ఈఎంఐల తర్వాత మిగిలే అసలు దాదాపు 1,59,500. దానిమీద ఐదు నెలల వడ్డీ ఓ 10,600. రెండూ కలిపితే 1,70,000 చిల్లర. ఆయన చెప్పినది 2,06,000. మధ్యలో ఉన్న 36 వేలు ఎక్కడివి? బౌన్స్ చార్జీ ఒక్కోటి జీఎస్టీతో 590 అనుకున్నా ఐదింటికి 2,950 దాటదు. మిగతాది పెనల్ చార్జీలు, అంటే ఆలస్యానికి వేసే జరిమానా అంటారు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల ప్రకారం పెనల్ చార్జీని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. కాబట్టి ఈరోజే బ్యాంకుకు మెయిల్ పెట్టి రెండు కాగితాలు అడగండి: లోన్ ఖాతా స్టేట్‌మెంటు, చార్జీల విడి వివరం. ఏజెంటు నోటిమాట లెక్క కాదు.

అసలు సంగతి ఇది. మీరు ఆపిన ఐదు ఈఎంఐలు 52,735. దీనికి చార్జీలు కలిపి కడితే ఖాతా మళ్లీ దారిలో పడుతుంది, మిగిలిన 12 ఈఎంఐలు మామూలుగా నడుస్తాయి. అది మీ 60 వేలలో సరిపోవచ్చు. 90 రోజులు దాటింది కాబట్టి ఖాతా ఇప్పటికే ఎన్‌పీఏ (మొండి బాకీ) అయి ఉంటుంది. ఎన్‌పీఏ ఖాతాను తిరిగి స్టాండర్డ్ (మామూలు ఖాతా) చేయాలంటే ఆగిన అసలు, వడ్డీ పూర్తిగా కట్టాలి. ఐదింటిలో మూడు కట్టి ఊపిరి పీల్చుకుంటే డబ్బూ పోతుంది, ఎన్‌పీఏ ముద్రా పోదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఒక్క చిక్కు ఉండొచ్చు. బ్యాంకు ఇప్పటికే లోన్ రీకాల్ నోటీసు పంపి ఉంటే మొత్తం ఒకేసారి అడిగే హక్కు దానికి ఉంటుంది. అప్పుడు బ్రాంచి మేనేజర్‌ను కలిసి, ఓవర్‌డ్యూ మొత్తం కట్టి రెగ్యులర్ చేసుకుంటానని రాతలో ఇవ్వండి. కొత్త జీతం స్లిప్పు జత చేయండి. ఈఎంఐ భారంగా ఉంటే గడువు పెంచమని కూడా అందులోనే అడగండి. అది రిపోర్టులో రీస్ట్రక్చర్డ్ అని కనబడుతుంది గానీ సెటిల్డ్ (తక్కువకు తెగ్గొట్టిన ఖాతా) కంటే నయం.

డబ్బు మాత్రం మీ లోన్ ఖాతా నంబరుకే వెళ్లాలి: బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచి కౌంటర్‌లోనో. ఏజెంటు ఫోన్‌పేకు వేసింది మీ లోన్‌లో జమ కాకపోతే తర్వాత రుజువు చేసుకోవడం మహా కష్టం.

కోర్టుమెట్లు:
నోటీసు సంగతి నేను చెబుతాను. లోక్ అదాలత్ అరెస్టు వారంటు ఇవ్వదు. అది రాజీ కుదిర్చే వేదిక, ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు రాస్తారు. అసలైన నోటీసు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పేరుతో, కేసు నంబరు, తేదీ, స్థలంతో వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మీ జిల్లా కోర్టు ప్రాంగణంలోని ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లి నంబరు చూపించండి, నిజమో కాదో అక్కడే తేలుతుంది. నిజమైనదైతే తప్పక వెళ్లండి. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది.

ఈఎంఐ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. అయితే ధైర్యం కోసం సగం నిజం చెప్పను. మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్, ఆటో డెబిట్ తిరిగొస్తే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. రెండింటిలోనూ ముందు లిఖితపూర్వక డిమాండ్ నోటీసు రావాలి, అది అందాక కట్టడానికి 15 రోజులుంటాయి. రిజిస్టర్డ్ పోస్టు వస్తే వెనక్కి పంపకండి, తీసుకుని తేదీ రాసుకోండి. కోర్టు సమన్లనూ, ఆర్బిట్రేషన్ నోటీసునూ పక్కన పడేయకండి. మీరు వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది.

ఇక ఆ ఫోన్లు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12 సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించకూడదు, బెదిరించకూడదు. మైక్రోఫైనాన్స్ రుణాలకైతే ఈ వేళలు ఇంకా తక్కువ, 9 నుంచి 6 దాకానే. ఏజెంటును ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమని అడగండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు, రికార్డింగులు, బావమరిదికి వచ్చిన నంబరు, వేళ ఒక కాగితం మీద తేదీల వారీగా రాసి బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్ చేయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) వేయవచ్చు, ఖర్చు లేదు. సందేహాలకు రిజర్వు బ్యాంకు హెల్ప్‌లైన్ 14448. కొడతాం, చంపుతాం అనే దాకా వస్తే 30 రోజులు ఆగక్కర్లేదు, నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లండి.

రెండోసంతకం:
పద్దుపుస్తకం గారి లెక్క సరైనదే, జీతం వస్తోంది కాబట్టి. జీతం లేనివాళ్లు ఇది చదివి సెటిల్‌మెంటే పాపం అనుకోకూడదని రాస్తున్నాను. నెలవారీ కట్టే దారే లేనప్పుడు సెటిల్‌మెంటు తప్పు కాదు. కానీ డబ్బుకంటే ముందు ఉత్తరం రావాలి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, లేదా బ్యాంకు సొంత మెయిల్ నుంచి. అందులో లోన్ నంబరు, మొత్తం బాకీ, ఒప్పుకున్న మొత్తం, ఎన్ని విడతలు, ఆఖరి తేదీ, మాఫీ చేసే మొత్తం, కట్టాక ఎన్ని రోజుల్లో నో డ్యూస్ (బాకీ లేదనే పత్రం) ఇస్తారో ఉండాలి. ఆఖరి తేదీ ఒక్కరోజు దాటినా ఒప్పందం రద్దయిందనవచ్చు, కాబట్టి మూడు రోజుల ముందే కట్టండి.

ఆ ఏజెంటు సిబిల్ క్లియర్ చేయిస్తాననడం అబద్ధం. తక్కువకు తెగ్గొడితే రిపోర్టులో సెటిల్డ్ అనే పడుతుంది, అది ఏళ్ల తరబడి ఉంటుంది. తర్వాత మాఫీ అయిన మొత్తం కూడా కట్టి క్లోజ్డ్‌గా మార్పించుకోవచ్చు. అన్నట్టు, కొన్ని రిపోర్టుల్లో కనబడే రైట్ ఆఫ్ అంటే కూడా మాఫీ కాదు. బ్యాంకు తన పుస్తకంలో లెక్క మార్చుకుంది, అంతే. బాకీ అలాగే ఉంటుంది.

మున్నేరు:
చాలా థ్యాంక్సండి. బ్రాంచికి రేపు వెళ్తున్నాను. ఇంకొకటి. సిబిల్ రిపోర్టు తీస్తే 2023లో పూర్తిగా కట్టేసిన క్రెడిట్ కార్డు మీద రైట్ ఆఫ్, 8,400 అని ఉంది. నో డ్యూస్ నా దగ్గరుంది. స్కోరు 561.

పద్దుపుస్తకం:
ఇది మీ హక్కుగా సరిచేయించుకునే తప్పు. సిబిల్ సైట్‌లో లాగిన్ అయి ఆ కార్డు ఖాతాను ఎంచుకుని డిస్ప్యూట్ పెట్టండి, ఫీజు లేదు. సిబిల్ దాన్ని కార్డు ఇచ్చిన బ్యాంకుకు పంపుతుంది, అదే రోజు నో డ్యూస్ జత చేసి ఆ బ్యాంకుకు మీరూ మెయిల్ పెట్టండి. బ్యాంకుకు 21 రోజులు, మొత్తంగా 30 రోజులు గడువు. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. సిబిల్‌లాంటివే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ సంస్థల రిపోర్టులు కూడా తీయండి. ఒక్కో సంస్థ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకచోట సరిచేసిన తప్పు ఇంకోచోట మిగిలిపోతుంటుంది.

రిపోర్టులో మీ లోన్ కింద నెలల వారీగా చిన్న గడులుంటాయి. 000 అంటే ఆ నెల బాకీ లేదు. 030, 060 అంటే అన్ని రోజులు ఆలస్యం. ఎక్స్ ఎక్స్ ఎక్స్ అంటే ఆ నెల వివరం బ్యాంకు పంపలేదు. నిజంగా ఆగిన ఆ ఐదు గడులను ఎవరూ చెరపలేరు. చెరిపిస్తామని 5 వేలు, 10 వేలు అడిగేవాళ్ల జోలికి పోకండి. వాటి పక్కన కొత్త 000లు పేరుస్తూ పోవడమే మన చేతిలో ఉన్నది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పక్షానికోసారి వివరాలు పంపాలి కాబట్టి, రెగ్యులర్ చేసిన నెలా నెలన్నరలో మళ్లీ చూసుకోండి.

ఈ 12 ఈఎంఐలు నడిచేలోగా కొత్త లోన్ యాప్‌లలో అప్లై చేయకండి, ప్రతి అప్లికేషన్ ఎంక్వయిరీగా పడుతుంది. ఆరు నెలలయ్యాక 20 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒక కార్డు తీసుకుని, కిరాణా, కరెంటు బిల్లులాంటివి లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడండి. బిల్లులో మినిమం డ్యూ కాదు, టోటల్ డ్యూ కట్టాలి. రేపు బ్రాంచిలో కట్టిన రసీదు మీద లోన్ నంబరు పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.