జీఎన్ఎం తర్వాత ఎంఎస్సీ నర్సింగ్‌కు దారేది?

పలాస_నర్సు: ఇంటర్ తర్వాత ఒడిశాలోని బరంపురంలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. ఎంఎస్సీ కావాలంటే బీఎస్సీ మొదటి నుంచీ నాలుగేళ్లు చదవాలా?

సిక్కోలు_ట్యూటర్: అక్కర్లేదమ్మా. జీఎన్ఎం చేసినవాళ్లకుండే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు, ఆపైన ఎంఎస్సీ ఇంకో రెండేళ్లు. ఎంఎస్సీకి బీఎస్సీలో మొత్తం మీద 55 శాతం, ఏడాది అనుభవం ఉండాలి. పోస్ట్ బేసిక్ వాళ్లకు ఆ ఏడాది కోర్సుకు ముందుదైనా చెల్లుతుంది. నేరుగా బీఎస్సీ చేసినవాళ్లకు తర్వాతదే లెక్క. అంటే నీ ఇప్పటి డ్యూటీ వృథా పోదు. సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్పక వేయించుకో. ‘మా దగ్గర పనిచేసింది’ అని ఒక్క ముక్క రాసిస్తే ఏడాది నిండిందో లేదో తేల్చేదెలా?

బొబ్బిలి_అక్క: ముందు నర్సుగా రిజిస్ట్రేషన్ సంగతి చూసుకో చెల్లీ. ఒడిశా నర్సింగ్ కౌన్సిల్‌లో ఉంటే అక్కడ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఏపీ కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. అడ్మిషన్లు మొదలయ్యాక కదిలితే కాగితాలు చేతికి రావు.

సిక్కోలు_ట్యూటర్: అవును, అదే అసలు చిక్కు. ఐసీయూ మీద ఇష్టముంటే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (విషమ స్థితిలోని రోగులను చూసుకునే కోర్సు) కూడా రెండేళ్ల పీజీయే. థియరీ 20 శాతం, మిగతాదంతా రోగుల దగ్గరే. పాఠాలు చెప్పాలనుంటే మాత్రం నా ఓటు ఎంఎస్సీకే.