బావి పంపుకు గ్లాండ్ దారం: నల్ల గ్రాఫైటా, తెల్ల టెఫ్లానా?

పరకాల పాత పంపు:
మా బావి గట్టు మీద నాన్న కాలం నాటి సెంట్రిఫ్యూగల్ పంపు ఉంది. గ్లాండ్ దగ్గర, అంటే తిరిగే షాఫ్ట్ పంపులోంచి బయటికి వచ్చే చోట నీళ్లు కారకుండా దారం చుట్లు కూరే డబ్బా దగ్గర, నీళ్లు ధారగా పోతున్నాయి. వరంగల్‌లో ఒక షాపు ఆయన గ్రాఫైట్ దారం అంటాడు, పక్క షాపు ఆయన టెఫ్లాన్ అంటాడు. తెరచాప పడవల ఇంజన్ షాఫ్ట్ గురించి చదివితే గ్రాఫైట్ వద్దు, షాఫ్ట్‌ను తింటుంది, మైనం పట్టించిన అవిసె నార పెట్టుకోండి అని ఉంది. యాసంగి నాట్లు దగ్గర పడ్డాయి. ఏది కొనాలె?

హన్మకొండ ఫిట్టర్:
గ్రాఫైట్ పెట్టు తమ్మీ. పడవ సంగతి పడవకే. నీ పంపు నిమిషానికి 1440 తిరుగుడు మీద పొద్దంతా నడుస్తుంది. వేడిని బయటికి లాగేది గ్రాఫైటే.

నర్సంపేట మోటర్లు:
నేను ఒప్పుకోను అన్నా. టెఫ్లాన్ జారుడు గుణం ఎక్కువ, షాఫ్ట్ మీద తొడిగిన స్లీవ్ తక్కువ అరుగుతుంది. రెండేళ్లుగా మా దగ్గర అదే నడుస్తోంది.

హన్మకొండ ఫిట్టర్:
నువ్వు పక్కన కూర్చుని నట్టు చూసుకుంటావు కాబట్టి నడుస్తోంది. టెఫ్లాన్ వేడిని సరిగా వదలదు, పైగా వేడికి ఉబ్బుతుంది. ఉబ్బితే షాఫ్ట్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మళ్లీ వేడి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక ఎంతమంది ఆటో స్టార్టర్ పెట్టి ఇంట్లో పడుకున్నారు? రాత్రి బావి అడుగంటితే గ్లాండ్‌లో నీళ్లుండవు. పొద్దున వెళ్లి చూస్తే కాలిన వాసన. అట్లాంటివి ఎన్నో విప్పాను.

ఓడ ఇంజన్ రూమ్:
మాది జనగామ, పని ఓడల్లో. పడవల మాట అబద్ధం కాదు. ఉప్పునీటిలో గ్రాఫైట్, స్టీలు తాకితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో తినబడేది లోహమే, షాఫ్ట్‌కు గుంతలు పడతాయి. బావి నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి ఆ బాధ చాలా తక్కువ.
ఇంకో తేడా ఉంది. పడవలో కారిన ప్రతి చుక్కా లోపలికే వస్తుంది, దాన్ని తోడాలి. అందుకే షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు, ఆగితే సున్నా కావాలంటారు. నీ పంపుకు అంత పిసినారితనం అక్కర్లేదు, నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడనివ్వు. ఆ నీళ్లే దానికి చల్లదనం.

పరకాల పాత పంపు:
చుక్కలు పడితే గాలి గుంజదా సార్? మాది పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ ఉన్న పంపు, తరచూ నీళ్లు వదిలేస్తుంది.

ఓడ ఇంజన్ రూమ్:
బయటికి కారుతోందంటే అక్కడ లోపలి ఒత్తిడి ఎక్కువుందన్నట్టు, నడిచేటప్పుడు ఆ దారిన గాలి రాదు. పంపు నీళ్లు వదిలేస్తే ముందు ఫుట్‌వాల్వ్, సక్షన్ పైపు జాయింట్లు చూడు.

హన్మకొండ ఫిట్టర్:
అసలు సంగతి ఎవరూ అడగలేదు. పాత దారం తీసి స్లీవ్ మీద గోరుతో గీయి. గోరు ఆగిందంటే గాడి పడింది, బంగారు దారం పెట్టినా కారుతుంది. మన దగ్గర బావిలోకి కాలువ ఒండ్రు, సన్న ఇసుక వస్తుంది. దారంలో ఇరుక్కుని ఆకురాయిలా గీస్తుంది.
కొలత కూడా చూడు. షాఫ్ట్ 40 మిల్లీమీటర్లు, డబ్బా లోపల 60 ఉంటే, తేడా 20లో సగం, అంటే 10 దారం. 12ది తెచ్చి సుత్తితో కొట్టి దూర్చొద్దు. స్ప్రింగులా చుట్టొద్దు. ఒక్కో చుట్టు విడిగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పెట్టు. నట్లు మొదట చేత్తోనే బిగించి, నీళ్లు కారుతుండగా కొద్దికొద్దిగా తిప్పు.
లోపలున్నది పాత ఆస్బెస్టాస్ దారమైతే తడిపి తియ్యి, ఆ పొడి పీల్చొద్దు.

పరకాల పాత పంపు:
ఇవాళ విప్పాను అన్నా. గోరు ఆగింది, రెండు చోట్ల. అడుగున రాయిలా గట్టిపడిన పాత చుట్టు ఒకటి దొరికింది. ఇన్నేళ్లూ దాని మీదే కొత్తవి వేస్తూ వచ్చాం! కొత్త స్లీవ్ చేయమని లేతుకు ఇచ్చాను. దారం గ్రాఫైట్ 10 తెచ్చాను.

నర్సంపేట మోటర్లు:
కొత్త స్లీవ్ వేసి గ్రాఫైట్ పెడుతున్నావా! సరే, వచ్చే యాసంగికి మళ్లీ గోరుతో గీసి ఇక్కడే చెప్పు తమ్మీ.