అప్‌డేట్: వేగాస్ స్టేక్‌హౌస్‌కి వెళ్ళొచ్చాం

పెళ్లిరోజుకి లాస్ వేగాస్‌లో ఒక క్యాసినో హోటల్లోని స్టేక్‌హౌస్ (బీఫ్ ముక్కలు కాల్చిపెట్టే రెస్టారెంట్) బుక్ చేశాను, మా ఆవిడ బీఫ్ తినదు, ఏం తినొచ్చు, ఎంతవుతుంది అని మొన్న అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందుగా కష్టం చెప్తాను. బుకింగ్ ఉన్నా ముప్పావు గంట నిలబెట్టారు. అదీ స్లాట్ మెషీన్ల పక్కన, సిగరెట్ పొగలో. ఆ కాసేపట్లో మా ఆవిడ ఒక మెషీన్‌లో ఇరవై డాలర్లు పోగొట్టింది. అది బిల్లులో కలపడం లేదు.

మీరు చెప్పినట్టే వెయిటర్‌ని ముందే అడిగాం. సాల్మన్ చేపని బీఫ్ తగలకుండా వేరే పెనం మీద చేస్తామన్నాడు, టెన్షన్ తీరింది. నేను రిబ్ఐ (పక్కటెముకల దగ్గరి బీఫ్ ముక్క) మీడియంగా, అంటే మరీ ఎక్కువ కాల్చకుండా, తీసుకున్నాను. పైన నల్లగా కాలి, కోస్తే లోపల గులాబీ రంగు, అంచున కొవ్వు కరిగి మెరుస్తోంది. ప్లేటులో ముక్క తప్ప ఇంకేం లేదు! కూరలు (సైడ్లు) విడిగా కొనాలి, ఒక్కోటి ఇద్దరికి సరిపోతుంది. క్రీమ్‌డ్ స్పినాచ్ తిని, "తాలింపు మర్చిపోయిన పాలకూర" అంది మా ఆవిడ. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

స్టేక్ 74, సాల్మన్ 48, రెండు సైడ్లు 32, మొత్తం 154 డాలర్లు. 8.375 శాతం టాక్స్, 20 శాతం టిప్ కలిపితే దాదాపు 198. మందు తీసుకోలేదు, నీళ్ళు మామూలువే అడిగాం. షార్ట్స్ వేసుకెళ్ళొచ్చా అని కూడా అడిగాను కదా, ప్యాంటే వేసుకెళ్ళాను.