హెచ్‌బిఎ1సి బాగానే ఉందని ఇన్సులిన్ పంప్ నిరాకరిస్తే పెద్దవాళ్లం ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు దాటాక నాకు మధుమేహం బయటపడింది. మొదట టైప్ 2 అని మాత్రలు రాశారు. అవి పనిచేయకపోవడంతో ఇన్సులిన్‌కు మార్చారు. ఇప్పుడు రోజుకు నాలుగు ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. తెల్లవారుజామున షుగర్ పెరుగుతోందని రాత్రి బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) మోతాదు పెంచితే, అర్ధరాత్రి దాటాక బాగా పడిపోతోంది. పంప్ (ఒంటికి తగిలించుకుని రోజంతా ఇన్సులిన్ అందించే చిన్న యంత్రం) గురించి అడిగితే, హెచ్‌బిఎ1సి (కొన్ని నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 7.1 ఉంది కాబట్టి అవసరం లేదన్నారు డాక్టరుగారు. పాత రికార్డులో టైప్ 2 అని ఉండడంతో బీమా సంస్థ కూడా ఒప్పుకోలేదు. ఈ దారిలో వెళ్లినవారు సలహా ఇవ్వగలరా?

జవాబు 1:
ముందు రికార్డు సరిచేయించుకోండి. పెద్ద వయసులో మొదలైన టైప్ 1ను (ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే దెబ్బతీసే రకం) టైప్ 2గా పొరబడడం తరచూ జరిగేదే. గ్యాడ్ యాంటీబాడీ (ఆ దాడిని సూచించేది), సి-పెప్టైడ్ (క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చూపేది) పరీక్షల గురించి మీ డాక్టరుగారిని అడగండి. సి-పెప్టైడ్‌కు రక్తం ఇచ్చేటప్పుడే గ్లూకోజ్ కూడా కొలిపించండి. షుగర్ పడిపోయిన సమయంలో సి-పెప్టైడ్ ఎవరికైనా తగ్గుతుంది కాబట్టి, గ్లూకోజ్ విలువ పక్కన లేని ఫలితాన్ని సులువుగా తోసిపుచ్చవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ యాంటీబాడీలు కనిపించకుండా పోవచ్చు గనుక, అవి లేవన్నంత మాత్రాన టైప్ 1 కాదని నిర్ధారించకూడదు.

జవాబు 2:
హెచ్‌బిఎ1సి సుమారు మూడు నెలల సగటును మాత్రమే చెబుతుంది. రాత్రి 55, ఉదయం 240 చూసే మనిషికీ ఆ సగటు చక్కగానే రావచ్చు. మీ విషయంలో అదే జరుగుతోందని నా అనుమానం. అందుకే సీజీఎం సెన్సర్ (రాత్రింబవళ్లు షుగర్ కొలుస్తూ ఉండేది) పెట్టించుకుని 14 రోజుల నివేదిక తీయించండి. సాధారణంగా టైప్ 1 ఉన్న పెద్దవాళ్లలో 70 కంటే తక్కువగా గడిచే సమయం 4 శాతం లోపు, 54 కంటే తక్కువగా గడిచేది 1 శాతం లోపు ఉండాలంటారు. దానితోపాటు ఒక పుస్తకంలో ఇలా రాయండి: "రాత్రి 2:10కి 58, చెమటలు, ఇంట్లోవాళ్లు లేపి గ్లూకోజ్ ఇచ్చారు, ఉదయం 6:30కి 214." డాక్టరుగారు రాసే లేఖలో 'రోగి పంప్ కోరుకుంటున్నారు' అన్న మాట కాకుండా ఈ వివరాలే ఉండాలి. ఒకసారి కాదన్నా, కారణం రాతపూర్వకంగా తీసుకుని, దానికి సూటిగా జవాబిస్తూ అప్పీలు చేయండి.

జవాబు 3:
మీ సమస్యకు పంప్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అర్ధరాత్రి బేసల్ తగ్గించి తెల్లవారుజామున పెంచేలా గంటల వారీగా అమర్చుకోవచ్చు. రోజుకొకసారి వేసుకునే ఇంజెక్షన్‌తో అది కుదరదు. అయితే పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. క్యాన్యులా (చర్మం కింద ఇన్సులిన్ అందించే సన్నని గొట్టం) మడతపడినా ఊడినా కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ప్రాణాపాయం కలగవచ్చు. క్యాన్యులా ఉండే ఇన్ఫ్యూజన్ సెట్‌ను సాధారణంగా రెండు మూడు రోజులకోసారి మార్చాలి, ఇన్సులిన్ పెన్ను ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. పిండిపదార్థాలు లెక్కించడం ఇప్పుడే నేర్చుకుని, ఇవన్నీ తెలుసునని డాక్టరుగారికి చెప్పండి. ఆయన సంకోచానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సి-పెప్టైడ్ పరీక్ష కోసం ఇన్సులిన్ ఆపాలా?

జవాబు 1:
మీ అంతట మీరు ఎంతమాత్రం ఆపకండి. బయటినుంచి తీసుకునే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు కాబట్టి, ఆ పరీక్ష మీ క్లోమం తయారుచేసేదాన్నే చూపిస్తుంది. పరగడుపున రావాలా, ఆ రోజు మోతాదు ఎలా వేసుకోవాలి అన్నవి మాత్రం డాక్టరుగారినే అడగండి.